అయిదు స్ట్రింగుల బేస్ గిటార్: యమహానా, ఐబనెజా? టోన్ ఒక్కటే చూసి చెప్పండి

అనంతపురం_బేస్:
అన్నలూ, మా చర్చిలో పాటలు ఎక్కువగా డి స్కేల్‌లోనే పాడతారు. నా నాలుగు స్ట్రింగుల బేస్‌లో కింది డి కావాలంటే ఈ (E) స్ట్రింగ్ వదులు చేసుకోవాలి, నేను ట్యూనర్ తీసేలోపే పాస్టర్ గారు ప్రార్థన ముగించేస్తారు. అందుకే అయిదుది కొంటున్నా. మొన్న బెంగళూరు పోయి యమహా టీఆర్‌బీఎక్స్ 305, ఐబనెజ్ ఎస్ఆర్ 305 రెండూ వాయించి చూశా. ఐబనెజ్ టోన్ గలగలమంది, యమహా బి స్ట్రింగ్ (అన్నిటికన్నా మందంగా ఉండే అయిదోది) మాత్రం దుప్పటి కప్పినట్టు మొద్దుగా ఉంది. మా కీబోర్డ్ వాయించే అన్న యమహానే కొనమంటాడు. ఏం చేయను?

కడప_లోబీ:
ఇంకా అడగడం ఎందుకు తమ్ముడూ, ఐబనెజే. బేస్, మిడ్, ట్రెబుల్ మూడూ వేరువేరుగా నీ చేతిలో ఉంటాయి. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డ్ ఎడమ చెయ్యి మన నోట్లన్నీ మింగేస్తుంది కదా, అప్పుడు మిడ్ రవ్వంత పెంచితే చాలు, బేస్ బయటికొస్తుంది. యమహాలో అయిదు సెట్టింగుల స్విచ్ పెట్టారు, స్లాప్, పిక్, ఫ్లాట్, ఫింగర్, సోలో అని. ఎవరో వండిపెట్టిన కూర మనం తినాలా?

బురుజు_గ్రూవ్ (కర్నూలు):
లోబీ అన్నా, కూర సంగతి తర్వాత, ముందు ఆ మొద్దు సంగతి చూద్దాం. రెండింటి స్కేల్ లెంగ్త్, అంటే స్ట్రింగ్ మోగే పొడవు, 34 అంగుళాలే. ఒకే మందం స్ట్రింగ్ వేస్తే బిగువు కూడా ఒకటే, కాబట్టి బి మొద్దుగా ఉందంటే ముందు అనుమానించాల్సింది షాపులో నెలల తరబడి అందరి చేతులూ పడి చచ్చిన స్ట్రింగును. ఇంకోటి, ఓపెన్ బి, అంటే ఎక్కడా నొక్కకుండా మీటిన బి, దాదాపు 31 హెర్ట్జ్, చర్చిలో ఉండే చిన్న బాక్సులు అంత కిందికి పోవు, చెవికి గట్టిగా అందేది దాని పైన రెండింతలు, మూడింతలుగా 62, 93 దగ్గర పలికేవే. అవి చిక్కగా వచ్చేదే మనకు మంచి బేస్. నా చెవికి యమహాలో అవి చిక్కగా ఉంటాయి. పైగా బ్రిడ్జి (స్ట్రింగులు కింద బిగించే చోటు) దగ్గర స్ట్రింగుల మధ్య ఎడం యమహాలో 18 మిల్లీమీటర్లు, ఐబనెజ్‌లో 16.5. నాలుగు స్ట్రింగుల నుంచి వచ్చే చేతికి ఆ ఒకటిన్నర మిల్లీమీటరు చాలా తేడా, వేలు పక్క స్ట్రింగుకు తగులుతుందేమో అని భయపడుతూ మెల్లగా మీటితే ఇంకేం టోన్ వస్తుంది?

కడప_లోబీ:
స్ట్రింగ్ పాతది అన్నది ఒప్పుకుంటా. ఎడం మాత్రం ఒప్పుకోను, నావి చిన్న వేళ్లు, రాత్రి రెండింటిదాకా వాయించే కచేరీలో ఐబనెజ్ సన్న మెడే నన్ను కాపాడింది.

బురుజు_గ్రూవ్ (కర్నూలు):
తమ్ముడు అడిగింది టోన్, నీ వేళ్లు కాదు సామీ 😄 అనంతపురం, మళ్లీ పోతే ఒక పని చెయ్. రెండింటికీ కొత్త స్ట్రింగులు వేయించి, ఈక్యూ (టోన్ నాబులు) ఏదీ కదిలించకుండా ఓపెన్ ఈ (E) మీటు, వెంటనే బి స్ట్రింగ్ మీద అయిదో ఫ్రెట్ (మెడ మీది అయిదో గడి) నొక్కి మీటు. నోటు ఒకటే కదా, రెండూ ఒకే మనిషి గొంతులా వినిపించాలి. ఎందులో గొంతు మారుతుందో అది వదిలెయ్.

అనంతపురం_బేస్:
అన్నా, నిన్న పోయొచ్చా. స్ట్రింగులు మార్చమంటే షాపాయన మొహం మాడ్చాడు, డబ్బులు నేనే ఇస్తానన్నాక మార్చాడు. దుప్పటి పోయింది! అయిదో ఫ్రెట్ నోటు యమహాలో ఓపెన్ ఈ (E)కి దగ్గరగా పలికింది, ఐబనెజ్‌లో కొంచెం పల్చబడింది. ఒంటరిగా వాయిస్తే ఇప్పటికీ ఐబనెజే ముద్దుగా ఉంది, అబద్ధమెందుకు. కానీ ఫోన్‌లో మా పాట పెట్టి దాని మీద వాయిస్తే యమహా నిలబడింది. అడ్వాన్స్ ఇచ్చేశా.

కడప_లోబీ:
సరేలే. ఆర్నెల్లకు అమ్మేటప్పుడు ముందు నాకే చెప్పు, ఆ కొత్త స్ట్రింగులతో సహా.