ఓఎస్ అప్‌డేట్ అయినాక ఫైళ్లు యాడికి పోతాండాయి? డెస్క్‌టాప్‌ను క్లౌడ్‌కు అప్పగించొచ్చా, వద్దా?

పెన్నేటి_గట్టు (కడప):

నా మాట ముందే చెప్తాండా. పని చేసుకునే కంప్యూటర్‌లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను క్లౌడ్ సింక్‌కు, అంటే మన ఫైళ్లను నెట్ మీద కంపెనీ సర్వర్‌తో దానంతట అది కలిపి ఉంచే ప్రోగ్రాంకు, అప్పగించకూడదు. ఇంట్లో ఫోటోలకు, పిల్లోళ్ల నోట్సుకు ఏమన్నా చేసుకోండి. బతుకుతెరువు ఉండే మిషన్‌లో మటుకు వద్దు.

ఏడురోడ్ల పక్క మాది డీటీపీ సెంటర్. పెళ్లి పత్రికలు, ఉరుసు పోస్టర్లు, కరపత్రాలు వేస్తాం. రాత్రి ఓఎస్ (కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాం) అప్‌డేట్ తీసుకున్న మిషన్ పొద్దున లేచేటప్పటికి డెస్క్‌టాప్ మీద ఫైళ్ల పేర్లు అన్నీ ఉండాయి, ప్రతి పేరు పక్కనా మబ్బు గుర్తు. ఆ పొద్దు నెట్ లేదు. సైజు చూపిస్తాంది, తేదీ చూపిస్తాంది, తెరిస్తే తెరుచుకోదు. పత్రిక ప్రూఫ్ కోసం వచ్చిన పెద్దాయన బల్ల ముందర కూర్చోని ఉండాడు. ముహూర్తం దగ్గర పడినాయనకు సర్వర్ కత చెప్తే ఏం లాభం?

నెట్ వచ్చినాక ఫైళ్లు దిగినాయి. పేజీల్లో లింక్ చేసిన ఫోటోలు మటుకు ఒక్కటీ రాలా. డెస్క్‌టాప్ అనే ఫోల్డరే పాత చోటు నుంచి లేచి సింక్ ఫోల్డర్ లోపలికి పోయింది. పేజీ ఫైళ్లు పాత దారిలోనే ఫోటోను వెతుక్కుంటాండాయి. ఆ లింకులన్నీ మళ్లా ఒక్కొక్కటే కట్టాల్సి వచ్చింది. కంపెనీ పేరు ఇక్కడ రాయను. నా ప్రశ్న ఒక్కటే: నా ఫోల్డర్‌ను నన్ను అడక్కుండా జరిపే హక్కు వాళ్లకు ఎవరిచ్చినారు?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):

అన్నా, నీ కోపంలో న్యాయం ఉంది. కానీ క్లౌడే వద్దనే మాటకు నేను ఒప్పుకోను.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ మా ఊర్లోకి వచ్చినాయి. మా నాయన ట్యాక్స్ ఆఫీసు పాతబస్తీలో ఉండేది. కంప్యూటర్, దాని పక్కనే బీరువాలో బ్యాకప్ హార్డ్ డిస్క్, అట్టపెట్టెల్లో కాగితం ఫైళ్లు, అన్నీ ఒకే గదిలో. నీళ్లు తీసినాక అన్నీ అదే బురదలో దొరికినాయి. క్లయింట్లు ఒక్కొక్కరి ఇంటికి పోయి వాళ్ల దగ్గరున్న జిరాక్సులు అడిగి తెచ్చుకుని ఆఫీసును మళ్లీ నిలబెట్టినాడు. బ్యాకప్ తీసుకునే అలవాటు ఉన్న మనిషే ఆయన. ఆ బ్యాకప్ కూడా అదే కప్పు కింద ఉండింది.

నీకు ఒక పూట పని ఆగింది. నాకు తెలిసిన ఆఫీసుల్లో ఏళ్ల లెక్కలు పోయినాయి. ఈ రెండూ సమానం కాదు.

అనంత_టెర్మినల్ (అనంతపురం):

ఫైలు పోవడం వేరు, ఫైలు చేతికి అందకపోవడం వేరు. రెండూ కలిపి మాట్లాడితే చర్చ తెగదు.

పెన్నేటి అన్నకు జరిగింది రెండోది. సింక్ ప్రోగ్రాం డిస్క్‌లో స్థలం మిగల్చడానికి ఫైలు పేరు, సైజు, తేదీ మాత్రమే మన దగ్గర ఉంచుతుంది, అసలు సరుకు సర్వర్‌లో ఉంటుంది. విండోస్ 10లో ఇది 2017 నుంచి ఉంది. అప్‌డేట్ తర్వాత సింక్ ప్రోగ్రాం మళ్లీ మొదటి నుంచి సెటప్ అయితే దాని లెక్కలో మీ మిషన్ కొత్తదే. అందుకే పేర్లు దింపి ఊరుకుంటుంది. మైక్రోసాఫ్ట్ సింక్ ప్రోగ్రాం వన్‌డ్రైవ్ వాడేవాళ్లు ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. సైజు 40 ఎంబీ అని, కింద ‘సైజ్ ఆన్ డిస్క్’ సున్నా అని ఉంటే ఆ ఫైలు మీ దగ్గర లేనట్టే. ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ నొక్కితే దిగి, ఇక్కడే ఉంటుంది. నిండు ఆకుపచ్చ గుండ్రంలో తెల్లటి టిక్ కనపడితే నెట్ లేకున్నా తెరుచుకుంటుంది. పని ఫోల్డర్లకు ఈ ఒక్కటి చేసుకున్నా అన్నకు ఆ పొద్దు ప్రూఫ్ తెరుచుకునేది.

నిజంగా పోయిన సందర్భాలూ ఉన్నాయి. 2018 అక్టోబర్ 2న వదిలిన విండోస్ 10 అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ కొద్ది రోజుల్లోనే ఆపేసింది. డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్లను వేరే చోటికి మళ్లించుకున్నవాళ్లకు, ఖాళీగా మిగిలిన పాత ఫోల్డర్లను తీసేయడానికి రాసిన కోడ్, ఖాళీ కాని వాటినీ తీసేసింది. కొందరి ఫైళ్లు చెరిగిపోయాయి. సరిచేసి మళ్లీ వదిలింది నవంబర్ 13న.

మ్యాక్ వాళ్లు మాకేం అనుకోవద్దు. 2022 మార్చిలో వచ్చిన మ్యాక్‌ఓఎస్ 12.3లో, డ్రాప్‌బాక్స్ (ఇదీ ఒక సింక్ ప్రోగ్రామే), వన్‌డ్రైవ్ ఆన్‌లైన్ ఫైళ్ల కోసం ఆధారపడ్డ కెర్నల్ ఎక్స్‌టెన్షన్‌ను, అంటే ఓఎస్ లోపలికి తగిలించే ముక్కను, ఆపిల్ తీసేసింది. కొన్ని అప్లికేషన్లలో అలాంటి ఫైళ్లు నేరుగా తెరుచుకోలేదు. తర్వాత రెండు కంపెనీలూ ఆపిల్ చెప్పిన ఫైల్ ప్రొవైడర్ పద్ధతికి మారాయి, సింక్ ఫోల్డర్ లైబ్రరీలో క్లౌడ్‌స్టోరేజ్ అనే చోటికి చేరింది. డ్రాప్‌బాక్స్ ఫోల్డర్‌ను బయటి డ్రైవ్‌లో పెట్టుకున్నవాళ్లకు ఆ పద్ధతిలో దారి లేకుండా పోయింది. ఓఎస్ కంపెనీ తలుపు మారుస్తుంది, సింక్ కంపెనీ కొత్త తాళం చేయించే దాకా మనం బయట నిలబడాలి. నా దృష్టిలో అసలు తగువు అక్కడ ఉంది.

పెన్నేటి_గట్టు (కడప):

తమ్ముడూ, శానా బాగా విడమరిచినావు. అయినా ఆ టిక్ గుర్తు సంగతి నాకు ముందు ఎవరు చెప్పల్ల? నెలకు ఇంత అని కట్టించుకునేవాళ్లు చెప్పల్ల గదా.

ఇంకోటి. 2024లో విండోస్ 11 కొత్తగా సెటప్ చేసేటప్పుడు అడక్కుండానే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ బ్యాకప్ ఆన్ అయిపోతాందని టెక్ వార్తల్లో రాసినారు. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబర్ 14న అయిపోయింది, దాని కోసం మన ఊర్లలో ఎన్ని షాపులు మిషన్లు మార్చినాయో మీకూ తెలుసు. వాళ్లల్లో ఎంతమందికి తమ డెస్క్‌టాప్ ఇప్పుడు యాడుందో తెలుసు? ఆపేద్దామని బ్యాకప్ ఆఫ్ చేస్తే ఫైళ్లు సింక్ ఫోల్డర్‌లోనే ఉండిపోయి, డెస్క్‌టాప్ ఖాళీగా కనపడి ఒక షార్ట్‌కట్ మిగిలిన కతలు ఎన్ని వినలా! అది చూసిన మనిషికి గుండె ఆగిపోదా?

హంద్రీ అక్కా, వరద సంగతి నేను కాదనను. సరుకు ఇంకోచోట ఉండాల, ఒప్పుకుంటా. ఏది పోవాల, ఎప్పుడు పోవాల అనేది మటుకు నేను చెప్పాల.

కెమెరా_బ్యాగు (తాడిపత్రి):

మాది పెళ్లిళ్ల ఫోటో, వీడియో పని. ఒక పెళ్లికి వందల జీబీలు వస్తాయి. మా ఇంటి లైన్‌లో అది ఎక్కడానికి పట్టే టైములో ఇంకో పెళ్లి వచ్చి పడుతుంది. ఫోటోగ్రాఫర్లలో 3-2-1 అని ఒక పద్ధతి ఉంది: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి వేరే ఊర్లోనో వేరే ఇంట్లోనో. మూడో కాపీ మా బామ్మర్ది ఇంట్లో బీరువాలో ఉంటుంది. నెట్ అక్కర్లేదు, అప్‌డేట్ దాన్ని తాకదు.

క్లౌడ్‌లో పెడితే పోదనే మాటను కూడా నేను నమ్మను. 2023 నవంబర్‌లో గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ ప్రోగ్రాం 84వ వెర్షన్‌లో కొందరికి నెలల ఫైళ్లు కనపడకుండా పోయాయి. గూగుల్ తర్వాత వాటిని వెనక్కి తెచ్చుకునే సాధనం ఇచ్చింది. అంత పెద్ద కంపెనీకే ఆ గతి పట్టింది.

ఒక జాగ్రత్త చెప్తా. మబ్బు గుర్తున్న ఫోల్డర్‌ను అట్లే బయటి డ్రైవ్‌కు కాపీ చేసి బ్యాకప్ అయిపోయింది అనుకోవద్దప్పా. కాపీ చేసేటప్పుడు ప్రతి ఫైలూ నెట్ నుంచి దిగాలి. మధ్యలో నెట్ పోతే ఆ ఫైళ్లు రావు. కాపీ అయినాక నెట్ తీసేసి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):

కెమెరా అన్నా, మీరు చేస్తారు, సంతోషం. మా క్లయింట్లలో కిరాణా అంగళ్లు, మందుల షాపులు, విత్తనాల డీలర్లు ఉన్నారు. హార్డ్ డిస్క్ కొనిపించి, పద్ధతి నేర్పించి వస్తాం. మళ్లీ ఆడిట్‌కు పోయినప్పుడు చూస్తే ఆ డిస్క్ పెట్టె కూడా విప్పలేదు. చేత్తో చేయాల్సిన బ్యాకప్ దసరా ముందర, సంక్రాంతి ముందర, అంటే గిరాకీ బాగా ఉన్నప్పుడే ఆగిపోతుంది. దానంతట అది జరిగేదే వీళ్లకు దిక్కు. అందుకే నేను సింక్ వైపు నిలబడతా.

లెక్కలు రాసే ట్యాలీ ప్రోగ్రాం డేటాను మాత్రం సింక్ ఫోల్డర్‌లో పెట్టనివ్వను. కంపెనీ డేటా అంటే శానా ఫైళ్ల కట్ట. తెరిచి ఎంట్రీలు వేస్తున్నప్పుడే సింక్ కొన్నిటిని పాతవి, కొన్నిటిని కొత్తవి తీసుకుపోతే ఆ కట్ట రేపు తెరుచుకోకపోవచ్చు. ట్యాలీలోనే బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్ ఫైలును క్లౌడ్‌కు పంపాలి.

శాసనాల_సంచి (ప్రొద్దుటూరు):

నమస్కారం. నేను రిటైరైన తెలుగు పంతులును. ఊర్ల కైఫీయత్తులు (పాతకాలపు ఊరి చరిత్రలు), శాసనాల ఫోటోలు ఊరి పేరుతో ఫోల్డర్లు కట్టి పెట్టుకుంటాను. మా అబ్బాయి పాత మ్యాక్‌లో కొన్ని, నా విండోస్ ల్యాప్‌టాప్‌లో కొన్ని, రెండూ ఒకే సింక్ ఖాతాలో. ఈమధ్య ల్యాప్‌టాప్‌కు ఓఎస్ మార్చి, సింక్ మళ్లీ పెట్టించిన తర్వాత ‘మైదుకూరు’ పేరుతో రెండు ఫోల్డర్లు కనిపిస్తున్నాయి. అక్షరం అక్షరం పోల్చి చూశాను, తేడా లేదు. మైలవరానిదీ అదే పరిస్థితి. పులివెందుల, జమ్మలమడుగు ఫోల్డర్లు మాత్రం ఒక్కొక్కటే ఉన్నాయి. ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఒకే చోట ఎలా ఉంటాయి? ఇది కూడా అప్‌డేట్ చేసిన పనేనా?

అనంత_టెర్మినల్ (అనంతపురం):

సార్, మీరు ఊర్ల పేర్లు రాయబట్టి దొరికింది. ఇది అప్‌డేట్‌కు ముందు నుంచే దాగి ఉంటుంది, మళ్లీ సింక్ చేసినప్పుడు బయటపడుతుంది.

కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు ఐత్వాన్ని ఒకే కోడ్‌తో రాయొచ్చు, రెండు ముక్కలుగా, అంటే ఎత్వం ఒకటి, కింది గుర్తు ఒకటి పెట్టి కూడా రాయొచ్చు. తెర మీద రెండూ ఒకటే. డిస్క్‌లో ఫైళ్లను దాచే పాత మ్యాక్ పద్ధతి (ఫైల్ సిస్టమ్) హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను ముక్కలుగా విడగొట్టి దాచుకునేది. 2017లో హై సియెర్రా అనే మ్యాక్‌ఓఎస్‌తో వచ్చిన కొత్త పద్ధతి ఏపీఎఫ్‌ఎస్ ఎట్లా ఇస్తే అట్లా ఉంచుతుంది. విండోస్‌కు ఆ రెండు రాతలూ రెండు వేర్వేరు పేర్లు. మన గుణింతంలో ఇట్లా విడిపోయేది ఐత్వం ఒక్కటే. అందుకే మైదుకూరుకు, మైలవరానికి వచ్చింది, పులివెందులకు రాలేదు.

రెండిట్లో ఒకదానికి విండోస్‌లోనే ‘పాతది’ అని పేరు మార్చండి. సింక్ పూర్తయ్యే దాకా ఆగండి. తర్వాత రెండూ పక్కపక్కన తెరిచి, లేని ఫైళ్లను ఇటు తెచ్చుకోండి. ఈ పని జరిగేటప్పుడు మ్యాక్ ఆఫ్‌లో ఉండాలి. ఏదీ వెంటనే డిలీట్ చేయొద్దు సార్, ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. సింక్‌ను బ్యాకప్ అనుకోలేనిది ఇందుకే. వన్‌డ్రైవ్ సొంత ఖాతా అయితే రీసైకిల్ బిన్‌లో 30 రోజులు ఉంటాయి, ఆ తర్వాత ఉండవు.

కరెంటాఫీసు_సందు (ఆదోని):

ఉచిత ఖాతాల వాళ్ల బాధ ఎవరూ చెప్పలేదు. గూగుల్‌లో 15 జీబీ, అందులోనే మెయిలు, ఫోటోలు, డ్రైవ్ అన్నీ. వన్‌డ్రైవ్‌లో, ఐక్లౌడ్‌లో 5 జీబీ. డెస్క్‌టాప్ మొత్తం ఎక్కిస్తే 5 జీబీ ఎంతసేపు? నిండినాక సింక్ ఆగుతుంది, మనం మాత్రం జరుగుతానే ఉందనుకుంటాం. గూగుల్‌ది నిండితే మెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది.

పెన్నేటి_గట్టు (కడప):

పంతులు సార్ ఫోల్డర్లు చూసినాక నా మాట మీద నాకు ఇంకా గట్టి నమ్మకం వచ్చింది. పనిలో ఉండే ఫైళ్లు డీ డ్రైవ్‌లో నా సొంత ఫోల్డర్‌లో ఉంటాయి, సింక్ దాని జోలికి రాదు. అయిపోయిన పనులను నేనే క్లౌడ్ ఫోల్డర్‌లోకి వేస్తా. అప్‌డేట్‌కు ముందు సింక్ ఆపి, పని ఫోల్డర్ ఒక కాపీ బయటి డ్రైవ్‌లోకి తీస్తా. ఇదీ ఇప్పుడు మా సెంటర్ పద్ధతి.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):

మరి సగంలో ఉన్న పని? ఆ పొద్దు చేసింది రాత్రికి యాడ ఉంటుంది?

పెన్నేటి_గట్టు (కడప):

పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి తీసుకుపోతా అక్కా. ఇల్లు వేరే పేటలో ఉండాది.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):

2020 నవంబర్‌లో నివర్ తుఫానుకు మీ బుగ్గవంక పొంగినప్పుడు కడపలో ఎన్ని పేటల్లోకి నీళ్లు వచ్చినాయి అన్నా?

పెన్నేటి_గట్టు (కడప):

ఆ మాటకు ఎదురు చెప్పలేను. సరే, సగంలో ఉన్న పనులకు ఒక ఫోల్డర్ నేనే కట్టి, నేనే ఎంచి సింక్‌లో పెడతా, తమ్ముడు చెప్పిన ఆకుపచ్చ టిక్‌తో సహా. డెస్క్‌టాప్ మటుకు ఇయ్యను.