ముసురు రోజుల్లో ట్రెయిల్ కెమెరా: నేల మీద జాడలున్నా కార్డులో ఫొటోలు ఎందుకు ఉండడం లేదు?

ప్రశ్న

అనుమతి ఉన్న వేట ప్రాంతంలో, సీజను మొదలయ్యేలోపు జంతువుల రాకపోకలు తెలుసుకోవడానికి చెట్లకు ట్రెయిల్ కెమెరాలు (ఎదుట జంతువు కదిలితే వాటంతటవే ఫొటో తీసేవి) కడుతుంటాను. పొడి వాతావరణంలో ఏ ఇబ్బందీ లేదు. ముసురు పట్టినప్పుడు మాత్రం కెమెరా ఎదుట బురదలో జింకల గిట్టల గుర్తులు స్పష్టంగా కనిపిస్తున్నా కార్డులో వాటి ఫొటో ఒక్కటీ ఉండదు. ఊగే ఆకులు, తెల్లటి గీతల్లా పడిన చినుకులే నిండి ఉంటాయి. తెల్లవారుజాము ఫొటోలు మసకబారి వస్తున్నాయి. పెట్టె మీద ఐపీ66 అని రాసి ఉంది కనుక లోపలికి నీరు చేరదనే నమ్ముతున్నాను. లోపం పరికరంలో ఉందా, కట్టే తీరులో ఉందా? ఈ ఫొటోలను బట్టే మాటు ఎక్కడ వేయాలో నిర్ణయించుకోవాలి కాబట్టి, అనుభవం ఉన్నవారు వివరించగలరు.

జవాబు 1

మీ కెమెరా చెడిపోయిందని నేను అనుకోవడం లేదు. దానిని మేల్కొలిపేది లెన్సు కాదు, లెన్సు కింద తెల్లటి ప్లాస్టిక్ కిటికీ వెనక ఉండే పీఐఆర్ సెన్సర్. జంతువు ఒంటి పైభాగానికీ దాని వెనకనున్న చెట్టూచేమకూ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడా కదిలినప్పుడే అది స్పందిస్తుంది. ఆ వేడి ఎక్కువగా 8 నుంచి 14 మైక్రాన్ల తరంగదైర్ఘ్యంలో వెలువడుతుంది. నీరు ఆ కిరణాలను బాగా పీల్చుకుంటుంది కనుక, కిటికీ మీద పలుచటి నీటి పొర నిలిచినా సెన్సర్‌కు అందే సంకేతం తగ్గిపోతుంది. పైగా నానిన బొచ్చు పైభాగం చల్లబడి చుట్టుపక్కల ఉష్ణోగ్రతకు దగ్గరవుతుంది. అంటే జింక ఎదురుగా నడిచి వెళ్లినా సెన్సర్ లెక్కలో అది దాదాపు లేనట్టే. అందువల్ల వాన రోజున కార్డు ఖాళీగా ఉంటే, జంతువు రాలేదని తేల్చుకోకండి. అలాంటి రోజుల్లో బురదలోని గిట్టల గుర్తులకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఆకుల ఫొటోల సంగతి వేరు. జల్లు ఆగి ఎండ తగిలినప్పుడు కొమ్మలు ఎగుడుదిగుడుగా వేడెక్కుతాయి, గాలికి అవి ఊగితే సెన్సర్ జంతువేనని భ్రమపడుతుంది. ముందుగా ఎదురుగా ఉన్న రెమ్మలను తొలగించండి. తరువాత కెమెరాను దారికి ఐదారు మీటర్ల దూరానికి తెచ్చి, జంతువు దాని చూపుకు అడ్డంగా నడిచేలా కట్టండి. నేరుగా ఎదురొచ్చే కదలికను ఈ సెన్సర్లు సరిగా పట్టలేవు. సున్నితత్వం పెంచితే చాలని కొందరు చెబుతారు గానీ, రెమ్మలు అలాగే ఉంచి దానిని పెంచితే బ్యాటరీ ఊరికే ఖర్చవుతుంది. పైన చిన్న చూరు అమర్చడం మంచిదే. అయితే అది ముందుకు మరీ పొడుచుకొస్తే రాత్రి ఫ్లాష్ దానికే తగిలి ఫొటో అంతా తెల్లబడుతుంది.

జవాబు 2

మసక విషయంలో ఐపీ66 మీకు రక్షణ ఇవ్వదు. దుమ్ము చొరబడదని, బయటి నుంచి బలంగా చిమ్మిన నీటిని తట్టుకుంటుందని మాత్రమే ఆ అంకెలకు అర్థం. వానలో తలుపు తెరిచి కార్డు మార్చినప్పుడు తేమ గాలి లోపల చిక్కుకుంటుంది; తెల్లవారుజామున చలి పెరిగేసరికి ఆ తేమే అద్దం లోపలి వైపున చెమ్మగా మారుతుంది.

అయితే ముందుగా మసక ఎక్కడిదో తేల్చుకోండి. ఫ్లాష్ లేకుండా తీసిన ఉదయపు మొదటి ఫొటోలు కూడా మసకగా ఉంటే అద్దాన్ని అనుమానించాలి. ఫ్లాష్ వెలిగిన ఫొటోలే తెల్లబడి, వెలుతురు రాగానే స్పష్టత వస్తే, అది గాలిలోని పొగమంచు ఫ్లాష్ కాంతిని వెనక్కి కొట్టడం వల్ల కావచ్చు.

రబ్బరు సీలును పరీక్షించడానికి పలుచటి కాగితపు ముక్కను తలుపు అంచున పెట్టి మూసి, మెల్లగా లాగి చూడండి. చుట్టూ కొద్దికొద్దిగా జరుపుతూ ఇలా చేస్తే, కాగితం సులువుగా జారివచ్చిన చోట సీలు సరిగా నొక్కుకోవడం లేదని తెలుస్తుంది. చాలాసార్లు అక్కడ ఒక చిన్న ఆకు పీచో ఇసుక రేణువో దొరుకుతుంది. శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు పలుచగా రాసి, లోపల తేమను పీల్చే సిలికా జెల్ పొట్లం ఉంచండి. నీరు నిలవకుండా చేసే ద్రావణాలను లెన్సు అద్దానికే రాయాలి, సెన్సర్ కిటికీ జోలికి వెళ్లవద్దు. ఆల్కలైన్ బ్యాటరీలు కారి పొడి కట్టే అవకాశం ఉంది కాబట్టి, ఎక్కువ కాలం వదిలేసే కెమెరాకు 1.5 వోల్టుల లిథియం బ్యాటరీలు మేలు.

జవాబు 3

చెట్టు ఎంపిక గురించి ఒక మాట. వాన జోరందుకుంటే నీరు మానును పట్టుకుని ధారగా దిగుతుంది. వాలిన చెట్లకు ఆ ధార కింది వైపుకే చేరుతుంది కనుక, అక్కడ కడితే కెమెరా తడవదనుకోవడం పొరపాటు. నిటారుగా ఉన్న మానును ఎంచుకుని, కెమెరా పై అంచు వెనక చిన్న పుల్ల దూర్చితే ముందుభాగం కాస్త నేల వైపుకు వంగుతుంది, వెనక నీరు జారిపోవడానికి సందూ దొరుకుతుంది. బయటి బ్యాటరీ ఉంటే, నీరు తీగ వెంట కెమెరాలోకి పోకుండా దానిని కింది వైపుకు వేలాడేలా వంపు తిప్పి, ఆ తరువాతే పైకి తెచ్చి తగిలించండి.

ప్రశ్న అడిగినవారు

వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. మనిషి వాసన కడిగేస్తుందని నేను కావాలనే వానలో వెళ్లి కార్డు మారుస్తున్నాను. అది మానుకోవాలా?

జవాబు 2 రాసినవారు

వానలో వెళ్లడం మానుకోనక్కర లేదు, అక్కడ తలుపు తెరవడం మానుకుంటే చాలు. ఇంటి దగ్గరే, పొడి గాలిలో కార్డూ బ్యాటరీలూ సిలికా జెల్ పెట్టి మూసిన మరో కెమెరాను తీసుకెళ్లి, చెట్టు మీది దానిని విప్పి ఇది కట్టి రండి. తెచ్చినదానిని తుడిచి ఆరిన తరువాతే తెరవండి.