కూపర్టీనో వాగులోకి సముద్రపు చేపలు నిజంగా ఎక్కివస్తాయా?

ప్రశ్న:
మేముండేది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు కూపర్టీనోలో. మా నాన్నగారితో కలిసి రోజూ సాయంత్రం బ్లాక్‌బెర్రీ ఫామ్ అనే పార్కు దగ్గర స్టీవెన్స్ క్రీక్ అనే వాగు వెంట నడుస్తుంటాను. సెప్టెంబరులో రాళ్లు తేలి, చీలమండ కూడా మునగని ఈ వాగులోకి సముద్రం నుండి చేపలు ఎదురెక్కి వస్తాయని ఎవరో చెబితే ఆయన నమ్మడం లేదు. ఈ వాగు చరిత్ర తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు:
కూపర్టీనో ఊరికి పేరు ఈ వాగు నుండే వచ్చిందండీ. ఓలోనీ అనే ఆదివాసీ ప్రజలు తరతరాలుగా నివసించిన ఈ ప్రాంతానికి 1776లో వచ్చిన స్పానిష్ యాత్రికుడు డి అన్జా బృందం, ఇటలీలోని కూపర్టీనోకు చెందిన సెయింట్ జోసెఫ్ పేరును వాగుకు పెట్టింది. 1844లో సియెర్రా నెవాడా పర్వతాలను బండ్లతో దాటిన తొలి బృందానికి నాయకుడైన ఎలిషా స్టీఫెన్స్ తరువాత ఈ ఒడ్డున స్థిరపడి ద్రాక్ష, బ్లాక్‌బెర్రీ పెంచాడు. ఆయన ఇంటిపేరే అక్షరాలు మారి ‘స్టీవెన్స్’గా ఈ వాగుకు నిలిచిపోయింది.

మరో జవాబు:
నాన్నగారికి పులసను గుర్తు చేయండి, వెంటనే నమ్ముతారు. గోదావరికి వరద వచ్చినప్పుడు పులస ఎదురీదినట్టే, ఇక్కడ చలికాలపు వానలకు వాగు నిండినప్పుడు స్టీల్‌హెడ్ చేప శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం నుండి పైకి ఎక్కి గులకరాళ్లలో గుడ్లు పెడుతుంది. సముద్రానికి వెళ్లకుండా వాగులోనే ఉండిపోయే రెయిన్‌బో ట్రౌట్‌దీ అదే జాతి. పులసకు ధవళేశ్వరం అడ్డుపడినట్టు వీటికి 1935లో కట్టిన ఆనకట్ట అడ్డుపడింది. చేపలు ఎక్కేందుకు దానికి మెట్లదారి లేదు. పండ్లతోటల బావులు భూగర్భ జలాలను తోడేయడంతో లోయలో నేల కుంగుతుండగా, నీటిని నిలిపి భూమిలోకి ఇంకించడానికి కట్టిన ఆనకట్ట అది. రైతుల అవసరం నిజమైనదే. కాని చల్లని ఎగువ నీళ్లు ఆ చేపలకు శాశ్వతంగా దూరమయ్యాయన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఈ తీరపు స్టీల్‌హెడ్‌ను 1997లో ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు.

ఇంకో జవాబు:
పై జవాబుకు ఒక చేర్పు. బ్లాక్‌బెర్రీ ఫామ్‌ను పునరుద్ధరించినప్పుడు వాగుకు అడ్డంగా ఉన్న కట్టడాలను తీసివేసి, ఒడ్డున స్థానిక చెట్లు నాటారు. ట్రౌట్‌కు చల్లని నీరు కావాలి కనుక సైకమోర్, ఆల్డర్ చెట్ల నీడ ఒడ్డుకు అలంకారం కాదు, చేపకు ప్రాణాధారం. మీరు వడ్రంగిపిట్టలను కూడా గమనించండి: ఎండు మానులకు వందలాది తొర్రలు పొడిచి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క ఓక్ కాయను బిగించి దాచుకుంటాయి. చేపల కోసమైతే జనవరిలో పెద్ద వాన వెలిసి, నీరు తేటపడ్డాక ఒడ్డు మీద నిలబడి చూడండి. గుడ్లు గులకరాళ్ల మధ్యనే ఉంటాయి కనుక వాగులోకి మాత్రం దిగకండి.