నేరం చేసినవాడు చెప్పే సారీ నిజమో కాదో ముఖాముఖిలో తెలిసేదెలా?

ప్రశ్న:
రెస్టోరేటివ్ జస్టిస్ (నేరం చేసినవాడు, బాధితులు మధ్యవర్తి ముందు కూర్చుని, జరిగిన నష్టాన్ని ఎలా సరిచేయాలో మాట్లాడుకునే పద్ధతి) సమావేశంలో బాధితుల ఎదుట ‘సారీ’ అనేది నిజంగా కుమిలిపోయా, శిక్ష తగ్గుతుందనా? మధ్యవర్తికి తెలిసే దారి ఉందా? అనుమానం వస్తే ఆపేయాలా?

జవాబు 1:
ముఖం చూసి తేల్చకండి. 1998-99లో దక్షిణ ఆస్ట్రేలియాలో బాల నేరస్థుల సమావేశాలను పరిశీలిస్తే, నిజంగా బాధపడే సారీ చెప్పామన్నవాళ్లు 61 శాతం; అలా నమ్మిన బాధితులు 27 శాతమే. మాట సరిగా రాని కుర్రాళ్లు ‘ఊ’, ‘ఏమో’ అంటారు, అది పొగరులా కనిపిస్తుంది.

నేనైతే క్రియాపదం వింటాను. ‘అద్దం పగిలింది, తప్పు జరిగిపోయింది’ అంటే చేసిన మనిషి వాక్యంలోనే లేడు. ‘నేనే పగలగొట్టాను’ అంటే ఉన్నాడు. ‘మీకు బాధ కలిగి ఉంటే’లో ఆ ‘ఉంటే’ ఒక్కటి చాలు, విన్నవాళ్లకు ఒళ్లు మండుతుంది.

ఇది సమావేశానికి ముందే, నేరం చేసినవాడితో విడిగా కూర్చున్నప్పుడు తేలాలి. ఏం జరిగింది, అప్పుడేమనుకున్నావు, ఎవరికి ఏమైంది అని వరసగా అడగండి. మూడోదానికి ‘ల్యాప్‌టాప్ పోయింది’ అంటే వస్తువు దగ్గరే ఆగాడు. ‘రాత్రి తలుపు గడియ రెండుసార్లు చూసుకుంటారేమో’ అంటే మనిషి దాకా వచ్చాడు.

జవాబు 2:
పై మాటకు ఒక హెచ్చరిక. ఆ వాక్యాలు మీరు నేర్పారో, పాఠం అప్పజెప్పినట్టే ఉంటుంది. క్షమాపణ ఉత్తరాల్లోనూ ఇదే గొడవ: పదహారేళ్లవాడి ఉత్తరంలో ‘నా చర్యలకు పూర్తి బాధ్యత వహిస్తున్నాను’ అని ఉంటే రాయించిందెవరో తెలిసిపోతుంది. తప్పులతో ఉన్నా వాడి మాటే ఉండనివ్వండి.

బాధితులకు ‘సారీ చెబుతాడు’ అని ముందే మాటివ్వకండి. ‘క్షమించాను’ అనాల్సిన పనీ వాళ్లకు లేదు. చాలామంది వచ్చేది సారీ కోసం కాదు, ‘మా ఇల్లే ఎందుకు?’ అని అడగడానికి.

సందేహం ఉందని ఆపక్కర్లేదు. జరిగినదాన్నే కాదంటున్నా, తప్పు బాధితులదే అంటున్నా ఎదురెదురుగా కూర్చోబెట్టొద్దు. ఐక్యరాజ్యసమితి 2002 సూత్రాల ప్రకారం మామూలుగా ముఖ్య విషయాలపై ఇద్దరికీ ఏకీభావం ఉండాలి. ఎవరైనా ఎప్పుడైనా తప్పుకోవచ్చు.

జవాబు 3:
న్యూజిలాండ్ 2002 శిక్షల చట్టం పరిహారం ఇస్తానన్న మాట నిజాయితీగా ఉందా అని మాత్రమే కాదు, తీర్చగలిగేదా అని కూడా చూడమంటుంది. ఒప్పందంలో ‘త్వరలో కడతాను’ రాయించకండి. ఎంత, ఏ తేదీకి, తప్పితే ఎవరు ఫోన్ చేస్తారు, అన్నీ ఉండాలి. ఆ వేడిలో పెద్ద వాయిదాలకు ఒప్పుకుంటారు, రెండోదే తప్పుతుంది. అప్పుడు బాధితులకు ఆ రోజు విన్న సారీ కూడా అబద్ధమే అయిపోతుంది, చెప్పినప్పుడు వాడు నిజంగానే ఏడ్చి ఉన్నా సరే.