లేత గడ్డికి వదిలాక ఆవు పడిపోయింది, మెగ్నీషియం తగ్గిందట

ఎర్రావు: వానలకి గడ్డి బాగా లేచిందని ఆవుల్ని మేతకి వదిలాం. నిన్న పొద్దున నాలుగో ఈత ఆవు ఒకటి, ఈని నెల దాటింది, చెవులు టపటపలాడిస్తూ, మనిషి దగ్గరికెళ్తే ఉలిక్కిపడుతూ తూలింది, కాసేపటికే పక్కకి పడి కాళ్లు కొట్టుకుంది. డాక్టర్ గారు మందు ఎక్కిస్తే లేచింది. మినరల్ మిక్చర్ రోజూ పెడుతున్నాం కదా, ఎందుకు తగ్గినట్టు? మిగతా వాటి గురించి టెన్షన్‌గా ఉంది.

పచ్చిక: మామూలు మిక్చర్‌లో మెగ్నీషియం ఈ సమయానికి చాలదండి. కాల్షియం అయితే ఎముకల్లోంచి లాక్కుంటుంది, మెగ్నీషియం అలా అవసరానికి తీసుకోలేదు, ఏ రోజుది ఆ రోజు మేతలో అందాల్సిందే. పాలల్లో రోజూ పోతూనే ఉంటుంది, అందుకే ఈనిన మొదటి రెండు నెలల్లో, అదీ వయసు మీరిన ఆవులకి ఎక్కువగా వస్తుంది. లేత గడ్డిలో పొటాషియం ఎక్కువ, అది పొట్టలో మెగ్నీషియాన్ని ఒంటికి పట్టనివ్వదు. ఆ చెలకకి పొటాష్ గానీ, యూరియా దండిగా గానీ వేశారా?

ఎర్రావు: రెండూ వేశాం 😐

వెట్‌బాబు: ముందు నిన్నటి ఆవు సంగతి చూడండి, లేచింది కదా అని వదిలేయొద్దు, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పడిపోయే అవకాశం ఉంది. లేత గడ్డి మాన్పించి ఎండుగడ్డి వేయండి, నోటి ద్వారా మెగ్నీషియం ఎలా ఇవ్వాలో డాక్టర్ గారినే అడగండి. ఇంకోటి పడిపోతే తరమొద్దు, అరవొద్దు, ఆ కంగారుకే ప్రాణం పోతుంది. పడి ఉన్న ఆవుకి గొట్టంతో ఏదీ తాగించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నరానికి సూది మీరు అసలే వేయొద్దు, మెగ్నీషియం తొందరగా ఎక్కితే గుండె ఆగుతుంది. పాలజ్వరం (ఈనిన కొత్తలో కాల్షియం తగ్గి వచ్చేది) వచ్చిన ఆవు మత్తుగా, మెడ పక్కకి తిప్పుకుని పడుకుంటుంది, ఇది అదురుతూ బెదురుతూ ఉంటుంది, ఫోన్‌లో ఆ తేడా చెప్తే డాక్టర్ సరైన మందుతో వస్తారు.

పచ్చిక: మిగతా పాడి ఆవులకి మెగ్నీషియం ఆక్సైడ్ రోజుకి 50–60 గ్రాములు, ఒక్క పూట కూడా మానకుండా. రుచి ఉండదు, ఒట్టిది మూతి పెట్టవు, దాణాలోనో మొలాసిస్‌లోనో (చెరకు మడ్డి) కలపాలి. ఉప్పు కూడా అందేలా చూడండి. వచ్చే ఏడు గడ్డికి వదలడానికి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టండి.

ఎర్రావు: నీళ్ల తొట్టిలో కలిపేస్తే పని తేలిక కదా?

పచ్చిక: ఆక్సైడ్ కరగదు, అడుగున పేరుకుంటుంది. సల్ఫేట్ కరుగుతుంది గానీ చేదు, నీళ్లే తాగడం తగ్గిస్తాయి, ఎక్కువైతే పేడ పల్చబడుతుంది. దాణాలోనే పెట్టండి.