పాలస్తీనాలో 2006 తర్వాత పార్లమెంటు ఎన్నికలు ఎందుకు జరగలేదు? రెచ్చగొట్టే మాటలు దానికి కారణమా, ఫలితమా?

దేవరకొండ తమ్ముడు:
అన్నలూ, అక్కలూ, తెలిసినవాళ్లు చెప్తారని అడుగుతున్నా. మా స్టడీ హాల్‌లో గాజా మాట వస్తే చాలు, రెండు గుంపులుగా విడిపోతున్నాం. ఒకరు "వాళ్ల బడి పుస్తకాల్లోనే ద్వేషం ఉంది, ఇంక శాంతి ఎట్లా వస్తది" అంటారు. ఇంకొకరు "ఇజ్రాయెల్ ఆక్రమణ పోతే అన్నీ అవే సర్దుకుంటాయి" అంటారు. నాకు రెండూ సగం సగమే అనిపిస్తున్నాయి. మహమూద్ అబ్బాస్ 2005 జనవరిలో నాలుగేళ్ల పాలస్తీనా అధ్యక్ష పదవికి గెలిచాడని చదివాను, మరి ఇంకా ఆయనే ఎట్లా ఉన్నాడు? మన దగ్గర సర్పంచ్ ఎన్నికలు రెండేళ్లు ఆలస్యమై ఊళ్లు స్పెషల్ ఆఫీసర్ల చేతికి పోతేనే ఎంత గొడవైంది, అక్కడ జనం ఎట్లా ఊరుకున్నారు? తిట్టుకోకుండా చెప్పండి, ప్లీజ్.

సివిక్స్ సార్ (మిర్యాలగూడ):
తమ్ముడూ, 2006 నుంచి మొదలుపెడితేనే అర్థమవుతుంది. ఆ జనవరి 25న జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో 132 సీట్లలో సాయుధ ఇస్లామిస్ట్ పార్టీ హమాస్‌కు 74, అబ్బాస్ పార్టీ ఫతాకు 45 వచ్చాయి. కానీ ఓట్లు చూడు, పార్టీ జాబితాకు పడిన ఓట్లలో హమాస్‌కు 44 శాతం, ఫతాకు 41 శాతం, అంతే తేడా. సగం సీట్లు జిల్లాల వారీగా ఇచ్చారు, అక్కడ ఫతా మనుషులే ఒకరి మీద ఒకరు రెబల్‌గా నిలబడి ఓట్లు చీల్చుకున్నారు. టికెట్ల దగ్గర కొట్లాడుకుంటే ఏమవుతుందో మన జిల్లావాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పైగా ఫతా అవినీతి మీద జనానికి చాలా కోపం ఉంది. అందుకని హమాస్‌కు ఓటేసిన ప్రతి ఒక్కరూ యుద్ధానికి ఓటేశారని అనడం తప్పు.

తర్వాత అమెరికా, యూరప్, రష్యా, ఐక్యరాజ్యసమితి కలిసి మూడు షరతులు పెట్టాయి: హింస మానాలి, ఇజ్రాయెల్‌ను గుర్తించాలి, పాత ఒప్పందాలు ఒప్పుకోవాలి. హమాస్ ఒప్పుకోలేదు, నిధులు ఆగిపోయాయి. 2007 ఫిబ్రవరిలో మక్కాలో రాజీ కుదిరినా నాలుగు నెలలు నిలవలేదు. జూన్‌లో హమాస్ తుపాకులతో గాజాను పట్టుకుంది, పాలస్తీనా రెండో ముక్క వెస్ట్ బ్యాంక్ అబ్బాస్ కింద మిగిలింది. అప్పటినుంచి అటు వాళ్లకూ ఇటు వీళ్లకూ ఎన్నికలంటే భయమే. 2018లో ఆ పార్లమెంటును కూడా రద్దు చేశారు, ఇంక అబ్బాస్ డిక్రీలతోనే పాలన.

వనపర్తి అక్క:
సార్ చెప్పినదానికి 2021 సంగతి కలపాలి, ఎందుకంటే జనం ఊరుకోలేదు. మే 22న ఎన్నికలని అబ్బాసే ప్రకటించాడు, 36 జాబితాలు పోటీకి దిగాయి. ఫతానే మూడు ముక్కలైంది, ఇజ్రాయెల్ జైల్లో ఉన్న ఫతా నాయకుడు మర్వాన్ బర్ఘూతీ మనుషులు, అబ్బాస్‌కు ముందు నాయకుడైన అరాఫత్ మేనల్లుడితో కలిసి వేరే జాబితా వేశారు. ఏప్రిల్ చివర్లో అబ్బాస్ వాయిదా వేశాడు, తూర్పు జెరూసలేంలో ఓటింగ్‌కు ఇజ్రాయెల్ అనుమతి ఇవ్వలేదన్నది కారణం. అది ఉత్త సాకేం కాదు, 1996లో, 2005లో, 2006లో అక్కడ పోస్టాఫీసుల్లో ఓట్లు వేయనిచ్చారు, ఈసారి ఇజ్రాయెల్ బదులే ఇవ్వలేదు. కానీ ఓడిపోతానన్న భయం కూడా ఉందని అక్కడివాళ్లే అన్నారు. రెండు నెలలకు, అబ్బాస్‌ను గట్టిగా విమర్శించే నిజార్ బనాత్ అనే ఆయన పాలస్తీనా భద్రతా దళాల చేతిలో దెబ్బలు తిని చనిపోయాడు. రమల్లాలో జనం రోడ్డెక్కితే వాళ్లనూ కొట్టారు. 2006లో పద్దెనిమిది నిండనివాళ్లకు ఇప్పుడు నలభై దగ్గర పడుతోంది, వాళ్లు మునిసిపాలిటీకి ఓటేసి ఉంటారేమో గానీ తమను పాలించేవాళ్లకు ఒక్కసారీ వేయలేదు. నాకు ఇదే అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

జడ్చర్ల:
అంతా బాగుంది, కానీ ద్వేషం సంగతి దాటేస్తున్నారు. 1978లో బస్సును పట్టుకుని పిల్లలతో సహా ముప్పై మందికి పైగా సాధారణ మనుషులను చంపిన దాడిని నడిపించింది దలాల్ ముగ్రబీ. ఆమె పేరు బడులకు పెట్టారు, పాఠంలో వీరవనిత అని రాశారు. ఇజ్రాయెల్ జైళ్లలో ఉన్నవాళ్లకు శిక్ష ఎంత పెద్దదైతే నెలనెలా అంత ఎక్కువ డబ్బు ఇచ్చే పద్ధతి ఏళ్ల తరబడి నడిచింది, దాన్ని మారుస్తూ అబ్బాస్ డిక్రీ ఇచ్చింది 2025 ఫిబ్రవరిలో. 2023 అక్టోబర్ 7న దాదాపు 1,200 మందిని చంపారు, 251 మందిని ఎత్తుకుపోయారు. ఆక్రమణ ఉందని చెప్పి దీన్ని కప్పిపెడితే నేను ఒప్పుకోను.

వనపర్తి అక్క:
జడ్చర్ల అన్నా, ఒక్క మాట కూడా కాదనను. కానీ రెండో వైపు కూడా చూడు. 1995 నవంబర్ 4న ఇజ్రాయెల్ ప్రధాని రాబిన్‌ను చంపింది యూదుడే, అంతకుముందు నెలల తరబడి ఊరేగింపుల్లో ఆయనను ద్రోహి అని అరిచారు. జాతి ద్వేషం రెచ్చగొట్టినందుకు 2007లో ఇజ్రాయెల్ కోర్టులోనే శిక్ష పడ్డ బెన్ గ్విర్, 2022 చివర్లో పోలీసు శాఖ చూసే మంత్రి అయ్యాడు. హెబ్రోన్ మసీదులో 29 మందిని కాల్చి చంపిన యూదుడు గోల్డ్‌స్టీన్ ఫొటో ఏళ్లపాటు బెన్ గ్విర్ ఇంట్లో ఉంది. అక్టోబర్ 7 తర్వాత గాజాలో పోయిన ప్రాణాలు పదుల వేలల్లో ఉన్నాయి. 1998 వై రివర్ ఒప్పందంలో రెచ్చగొట్టే మాటలను ఆపడానికి ఇజ్రాయెల్, పాలస్తీనా, అమెరికా కలిసి ఒక కమిటీ వేసుకున్నాయి. అది కొన్నాళ్లకే మూలన పడింది, ఎందుకంటే ఎదుటివాడి మాటల చిట్టా రాయడానికే అందరూ కూర్చున్నారు, తమ ఇంట్లో మాటకు బాధ్యత ఎవరూ తీసుకోలేదు. ఓట్లు అడగాల్సిన అవసరం ఉన్న నాయకుడు ఎప్పుడో ఒకరోజు నీళ్లు, జీతాలు, రోడ్ల లెక్క చెప్పాలి. ఆ అవసరమే లేనివాడు వీరుల ఫొటోలు చూపించి కాలం గడుపుతాడు. ఇజ్రాయెల్‌లో ఎన్నికలు జరిగినా ద్వేషం తగ్గలేదు కదా అంటావేమో, నిజమే, ఓటు ఒక్కటే మందు కాదు. కానీ అది కూడా లేకపోతే అట్లాంటి నాయకుణ్ని పడగొట్టే దారే ఉండదు.

పానగల్లు:
మన నల్లగొండ సంగతి ఒకటి చెప్తా. తుపాకులు పట్టిన కమ్యూనిస్టు పార్టీ 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటం విరమించి, 1952లో పీడీఎఫ్ (పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్) పేరుతో పోటీ చేసింది. దాని అభ్యర్థి రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. వరుస చూడండి, ముందు ఆయుధం పక్కన పెట్టారు, తర్వాత ఓటు అడిగారు. 2006లో హమాస్ రెండూ చేతిలో పెట్టుకుని వచ్చింది.

సివిక్స్ సార్ (మిర్యాలగూడ):
పోలిక బాగుంది, కానీ సగమే నడుస్తుంది. మనవాళ్లు ఆయుధం దించితే అడుగు పెట్టడానికి ఒక దేశం, రాజ్యాంగం, పౌరసత్వం ఉన్నాయి. ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకులు చేసుకున్న ఓస్లో ఒప్పందాల ప్రకారం వెస్ట్ బ్యాంక్‌లో దాదాపు 60 శాతం భూమి, ఏరియా సి అంటారు, ఇప్పటికీ పూర్తిగా ఇజ్రాయెల్ అదుపులోనే ఉంది. పాలస్తీనా సరుకుల మీద సుంకాలు వసూలు చేసేది ఇజ్రాయెలే, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపేస్తుంది, టీచర్లకు సగం జీతాలు వస్తాయి. ఆయుధం దించమని అడగాలి, తప్పకుండా అడగాలి, దించితే ఏం దొరుకుతుందో కూడా అదే నోటితో చెప్పాలి.

దేవరకొండ తమ్ముడు:
అందరికీ థాంక్స్. ఒక్క డౌట్ మిగిలింది. రేపు ఎన్నికలు పెట్టాక మళ్లీ హమాస్ గెలిస్తే ఏంటి పరిస్థితి?

వనపర్తి అక్క:
యుద్ధం ఆగిన ఏడాదిలోపు ఎన్నికలు పెడతామని అబ్బాస్ 2025లో మాటిచ్చాడు. పీఎల్‌వో (పాలస్తీనా విమోచన సంస్థ) ఒప్పుకున్న ఒప్పందాలను ఒప్పుకున్నవాళ్లే పోటీ చేయాలన్నది అందులో షరతు. షరతు పెట్టడం తప్పు కాదని నా అభిప్రాయం, అయితే అది నామినేషన్ల కంటే ముందే అందరికీ తెలిసేలా ఉండాలి, ఫతాలో తనకు నచ్చనివాళ్లను తప్పించడానికి వాడకూడదు. 2006లో ముందు పోటీకి రానిచ్చి, గెలిచాక షరతులు గట్టిగా ముందుకు తెచ్చారు. దాంతో "ఓటుకు విలువ లేదు, తుపాకీకే విలువ" అనేవాళ్ల మాటే గెలిచింది. ఈసారి ఎవరు గెలిచినా దిగిపోయే తేదీ కూడా ముందే రాసి ఉండాలి తమ్ముడూ, అబ్బాస్‌కైనా సరే, హమాస్‌కైనా సరే.