ఫ్లై రాడ్‌తో కొరమీను: కోనసీమ చెరువుల్లో ఎవరైనా పట్టారా?

అమలాపురం గాలం:
మా బావ డల్లాస్ నుంచి వస్తూ 8 వెయిట్ ఫ్లై రాడ్ (ఫ్లై అంటే ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఎర, దాన్ని విసిరే కర్ర), రీలు, ఫ్లోటింగ్ లైను తెచ్చి నాకిచ్చేశాడు. అక్కడ చెరువుల్లో వాటితో లార్జ్‌మౌత్ బాస్ అనే చేపని పడతాడు. మనకి బాస్ ఎలాగూ లేదు, గుర్రపు డెక్క కింద దాక్కుని పైన ఏది కదిలినా వచ్చి కొట్టే చేపంటే మనకి కొరమీనే. రబ్బరు కప్పతో బాగానే పడుతున్నా, ఇప్పుడు ఫ్లై మీద పడాలి, పట్టి వదిలేస్తాను. నా డౌట్లు ఇవి: గట్టు మీద వెనకంతా కొబ్బరి చెట్లుంటే లైను ఎలా విసరాలి, ఏ రంగు ఫ్లై కట్టాలి, ఈ ఎండలకి లైను జిగురెక్కిపోతోంది ఏం చేయాలి, లీజు చెరువుల్లో పర్మిషన్ ఎవరిని అడగాలి. పట్టినవాళ్ళు చెప్పండి.

రాజోలు బుల్లోడు:
కొరమీనుకి ఫ్లై ఎందుకండీ బాబూ, ఈకల ముక్కకి అంత డబ్బా? వెదురు కర్రకి నైలాన్ తాడు, చిన్న కప్ప, అంతే. మా ఊరి మురుగు కాలవలో పొద్దున్నే కప్పని డెక్క మీద టపటపలాడించామంటే అదే ఎగిరొస్తుంది. ఫారిన్ సామాన్లు వచ్చాక చేప పట్టడం తగ్గి ఫొటోలు దిగడం ఎక్కువైంది.

పాలకొల్లు ప్రసాదు:
బుల్లోడు గారూ, ఆయన అడిగింది ఫ్లై గురించి. కప్ప గుచ్చి పట్టడం మీరు నేర్పక్కర్లేదు.

గాలం గారూ, కొబ్బరి చెట్ల సంగతి నేను చెప్తా. చెరువుకి ఎదురుగా నిలబడి విసిరితే వెనక లైను చెట్టుకి చుట్టుకుంటుంది, ఎవరికైనా అంతే. గట్టు మూలకి వెళ్ళి, గట్టు పొడుగునా విసరండి. మీ వెనక వచ్చేది గట్టు దారే, చెట్లు పక్కకి ఉండిపోతాయి. పైగా కొరమీను నడిచెరువులో ఉండదు, గట్టు అంచునే డెక్క నీడలో ఉంటుంది, ఫ్లై దాని ముందునుంచే పోతుంది. అదీ కుదరకపోతే రోల్ కాస్ట్. దానికి లైను వెనక్కి వెళ్ళక్కర్లేదు గానీ ముందు నీళ్ళు ఖాళీగా ఉండాలి, డెక్క ఉంటే లైను దాంట్లో చిక్కుకుని లేవదు.

భీమవరం రాజు:
ఈ రోల్ కాస్ట్ అవీ వీడియోలు చూసి చెప్పడం తేలిక. మీసం రాకముందు నుంచి చెరువుల మీద ఉన్నవాడిని చెప్తున్నా వినండి. కొరమీనుకి చెవుల్లేవనుకోకండి, గట్టు మీద చెప్పుల చప్పుడికే కిందికి పోతుంది. చెప్పులు విప్పి నడవండి. తర్వాత, ఊపిరి కోసం అది పైకి రాక తప్పదు, బుడగ తేలిన చోటే మళ్ళీ వచ్చేదాకా ఓపిక పట్టండి. ఇంకా ముఖ్యమైనది, ఎర్రటి పిల్లల గుంపు నీళ్ళ మీద సుడి తిరుగుతుంటే దాని పక్కనే వేయండి. కిందే ఆడా మగా రెండూ కాపలా ఉంటాయి. ఫ్లై కాదు, అగ్గిపుల్ల వేసినా కొడతాయి. నా పెద్ద చేపలన్నీ అలా వచ్చినవే.

కాకినాడ సునీల్:
రాజు గారూ, పిల్లల మీద ఉన్నదాన్ని పట్టడం కూడా ఒక గొప్పేనా? అది ఆకలికి కొట్టట్లేదు, పిల్లల్ని కాపాడుకోడానికి కొడుతోంది. దాన్ని తీసేశాక ఆ గుంపుకి దిక్కెవరు? జిలేబులూ (తిలాపియా చేపలు), కొంగలూ పూటలో ఖాళీ చేసేస్తాయి. ఇలా పట్టేవాళ్ళ వల్లే మా వైపు కాలవల్లో మట్టగిడసలు తప్ప ఏమీ మిగల్లేదు.

భీమవరం రాజు:
అబ్బో, మరి నీళ్ళలో కరెంటు వైర్లు పెట్టి కాలవ కాలవే ఊడ్చేస్తున్నవాళ్ళని అడగవేం? చేలల్లో మందులు కొట్టి ఆ నీళ్ళు డ్రైన్లోకి వదిలేవాళ్ళని? ఒక గాలం పట్టుకున్నవాడే దొరికాడా నీకు నీతులు చెప్పడానికి?

కాకినాడ సునీల్:
వాళ్ళు చేసేదీ తప్పే. దాంతో మీది ఒప్పయిపోదు.

రిటైర్డ్ మాస్టారు:
నాయనలారా, మందుగుండుతో గానీ విషం కలిపి గానీ చేపల్ని పట్టకూడదని 1897 నాటి చట్టంలోనే ఉంది. అమలు చేసే నాథుడు లేక ఈ గతి. పిల్లల కాపలాలో ఉన్నదాన్ని వదిలేయమని మా నాన్నగారు కూడా చెప్పేవారు, దానికి చట్టం చూడక్కర్లేదు.

డల్లాస్ నుంచి వేణు:
బాస్‌దీ ఇదే గొడవ. వసంతంలో మగ బాస్ గూడు కట్టి గుడ్ల మీద కూర్చుంటుంది, అప్పుడు పట్టాలా వద్దా అని ఇక్కడ తరాలుగా తన్నుకుంటున్నారు. టెక్సస్‌లో పబ్లిక్ చెరువుల్లో మామూలుగా 14 అంగుళాలు దాటినవి రోజుకి 5 మించి ఉంచుకోకూడదు, చాలామంది అవి కూడా వదిలేస్తారు.

ఫ్లై మాటకొస్తే, బాస్ నోట్లో గరుకు పళ్ళే కాబట్టి బొటనవేలు పెట్టి దవడ పట్టుకుని ఎత్తుతాం. కొరమీను దగ్గర ఆ పని చేయకండి, వేలు చీరేస్తుంది. లీడరు (లైనుకీ ఫ్లైకీ మధ్య కట్టే సన్న తాడు) చివర ఒక జానెడు 40 పౌండ్ల మోనో, అంటే గట్టి నైలాన్ తాడు, కట్టుకోండి. కొట్టగానే రాడ్ పైకి ఎత్తేయడం వద్దు, ఎడం చేత్తో లైను గట్టిగా లాగండి, తర్వాతే రాడ్.

మండపేట చేపల రైతు:
గాలాల వాళ్ళు మా చెరువు గట్టు మీద కనిపిస్తే నేను తరిమేస్తా, ముందే చెప్తున్నా. బొచ్చె, శీలావతి వేసిన చెరువులో కొరమీను దూరిందంటే సీడంతా దాని పొట్టలోకే. ఒకసారి కొరమీనే వేద్దామని చూశాం. పిల్లల్ని సైజు వారీగా వేరు చేస్తూ ఉండకపోతే ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఫారాల్లో పెంచడం అంత తేలిక కాదు, అందుకే ఆ రేటు. మీరేమో పట్టి వదిలేస్తాం అంటున్నారు! మా చెరువులోకి వస్తే వదలకండి, పట్టుకుపోండి.

రాజోలు బుల్లోడు:
రైతు గారూ, మీ చెరువు ఎక్కడండీ? 🙂

తణుకు శీను:
అసలు బాస్ సీడే తెప్పించి మన చెరువుల్లో వేస్తే సరిపోతుందిగా? చూడ్డానికి బాగుంటుంది, పట్టడానికి బాగుంటుంది, టూరిజం కూడా.

కాకినాడ సునీల్:
దయచేసి ఆ మాట ఇంకెక్కడా అనకండి. తిలాపియాని 1952లో తెచ్చారు, ఇప్పుడు ఏ కుంటలో చూసినా అదే. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ నిషేధం ఉన్నా దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు. జపాన్‌లో బాస్ వేసుకున్నారు, 2009లో బివా సరస్సులో పడిన బాస్ 1932 నాటి అమెరికా రికార్డుతో సమానంగా తూగింది కూడా. అదే జపాన్ 2005లోనే దాన్ని హానికర చేపల జాబితాలో పెట్టి, పెంచడం, వేరేచోట వదలడం నిషేధించింది.

డల్లాస్ నుంచి వేణు:
రివర్స్ కూడా జరిగింది. 2002లో మేరీలాండ్‌లో ఒక చెరువులో చైనా నుంచి వచ్చిన స్నేక్‌హెడ్ కనిపించింది, మన కొరమీను చుట్టమే. చెరువంతా మందు పోసి చంపారు. మనం కూర వండుకునేదాన్ని చూసి అమెరికా వాళ్ళకి అంత టెన్షన్.

ఆకివీడు బాబాయ్:
కూర అన్నారు కాబట్టి చెప్తున్నా, కొరమీనులో వెల్లుల్లి ఎక్కువ వేయకండి. ముక్కకి చింతపండు పట్టాక కలపకూడదు, గిన్నె పట్టుకుని ఊపాలంతే. ఫ్లైతో పట్టినా వలతో పట్టినా రుచి ఒక్కటే. పట్టాలనుకుంటే కొల్లేరు వైపు రండి.

రిటైర్డ్ మాస్టారు:
బాబాయ్, కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం. కుర్రాళ్ళని అటు పంపి కేసులు పెట్టించకు.

పాలకొల్లు ప్రసాదు:
ఫ్లై గురించి అడిగిన మనిషి ఏమయ్యాడో పాపం. రంగు సంగతి నేనే చెప్తాను. మసక వెలుగులో నలుపు. ఈకలు కొనకండి, సంక్రాంతి పందేలు అయ్యాక ఊళ్ళో ఎవరింటికెళ్ళినా కాకి పుంజు ఈకలు, డేగ పుంజు ఈకలు కావాల్సినన్ని ఇస్తారు. మెడ మీద సన్నటివి ఏరుకోండి. పాత హవాయి చెప్పు అడుగుని బ్లేడుతో గుండ్రంగా కోసి, ముందువైపు కాస్త గుంట చేసి, హుక్కు మీద జిగురుతో అతికించండి. లాగినప్పుడల్లా గుబుక్కుమంటుంది. హుక్కు చెవి నుంచి ములుకు దాకా గట్టి మోనో ముక్క వంచి కడితే డెక్కలో తగులుకోదు. రబ్బరు కప్పకి హుక్కులు పైకి దాగి ఉంటాయి కాబట్టి చాలాసార్లు కొట్టినా గుచ్చుకోదు, దీనికి ఆ బాధ తక్కువ.

భీమవరం రాజు:
హవాయి చెప్పు! మేం చిన్నప్పుడే బెండుకి వాడాం. కొత్తగా కనిపెట్టినట్టు చెప్తున్నావు.

పాలకొల్లు ప్రసాదు:
బెండు వేరు, ఇలా గుబుక్కుమనే పాపర్ ఫ్లై వేరు రాజు గారూ. ఆదివారం మా ఊరు రండి, పక్కపక్కన నిలబడి వేద్దాం.

భీమవరం రాజు:
వస్తా. అడ్రస్ మెసేజ్ పెట్టు.

డల్లాస్ నుంచి వేణు:
ఎవరూ చెప్పలేదు కాబట్టి, లైను జిగురు సంగతి. మీ బావ ఇచ్చింది చల్లటి నీళ్ళ లైను అయ్యుంటుంది, మన ఎండకి మెత్తబడిపోతుంది. ట్రాపికల్ అని రాసి ఉన్న లైను తీసుకోండి. అప్పటిదాకా దాన్ని సబ్బు నీళ్ళతో కడిగి గుడ్డతో తుడుచుకుంటూ ఉండండి, కారులో వదిలేయకండి.

అమలాపురం గాలం:
లైను, చెప్పు, గట్టు మూల, మూడింటికీ థాంక్స్. పర్మిషన్ గురించి ఒక్కరూ చెప్పలేదు కాబట్టి నేనే వెళ్ళి పంచాయతీ చెరువు పాట పాడుకున్నాయన్ని అడిగాను. సరే అన్నాడు, రెండు షరతులు. పిల్లల మీద ఉన్నవాటి జోలికి పోకూడదు (సునీల్ గారూ, వింటున్నారా), మిగతావి పడితే సగం ఆయనకి.

రాజోలు బుల్లోడు:
మరి పట్టి వదిలేస్తానంటున్నారుగా, అందులో సగం ఎలా ఇస్తారండీ?

అమలాపురం గాలం:
ఆయనా అదే అడిగాడండి. "వదిలేసేవాడివైతే నా చెరువు దాకా రావడం ఎందుకు" అన్నాడు. మొదటిది ఆయనకే ఇచ్చేస్తానని ఒప్పించాను.